శాలువా ఉన్నచోటికే చల్లదనం

నమోదు 1

పెన్నేటిగడ్డ విశ్వవిద్యాలయం చలువ విభాగంలో సహాయ ఇంజినీరుగా ఈ రోజు చేరాను. నా పేరు సుంకులత. ఆరు నెలలు పరీక్షాకాలం. చేసిన పనిని ఏ రోజుకారోజు ఇందులో నమోదు చేయాలట. “దీన్ని ఎవరూ చదవరమ్మా. రాయకపోతే మాత్రం అందరికీ తెలిసిపోతుంది,” అని ముఖ్య ఇంజినీరు శేషఫణి గారు చెప్పారు. అందుకని ఉన్నది ఉన్నట్టే రాస్తాను.

నేను గేటు లోపలికి వచ్చే వేళకు ఊరు పడుకుంటోంది. బండల గనిలో పని దిగి మా నాయన కూడా ఈపాటికి తలుపులు బిగించుకుని ఉంటాడు. పొద్దెక్కాక బయట తిరగడం మా ఊళ్ళో మానేసి చాలా ఏళ్ళయింది. బడులు, అంగళ్ళు, పెళ్ళిళ్ళు అన్నీ పొద్దు కుంకాకే. పగలు పనిచేసేది ఈ విశ్వవిద్యాలయం ఒక్కటే. వేళలు మార్చుకుంటే చలువకు పట్టే కరెంటు సగం తగ్గుతుందని ఒకసారి ఎవరో అన్నారట. చీకట్లో పనిచేస్తే కూలివాళ్ళకూ మనకూ తేడా ఏముంటుందని పాలకమండలి అడిగిందట. వేళలు మార్చమన్న మనిషి తర్వాత ఎక్కడికి బదిలీ అయ్యాడో ఎవరికీ గుర్తులేదు.

ఉదయం పని: గొట్టాల వెంట నడిచి చెమ్మ కారుతున్నచోట గుడ్డ చుట్టడం, గోడకన్నులనే కెమెరాల మీది దుమ్ము తుడవడం.

ఇదివరకు గదికొక చలువ యంత్రం, అధికారికి రెండు, డీన్‌లకు మూడు ఉండేవి. విద్యార్థులకు కిటికీలు ఉండేవి. ఇప్పుడు ఆ యంత్రాలన్నీ పీకేశారు. పరిపాలనా భవనం కింద ఒకే ఒక చన్నీళ్ల తొట్టి ఉంది. అక్కడినుంచి అన్ని భవనాల గోడల్లోకీ గొట్టాలు వెళతాయి. గదుల్లోంచి లాగిన వేడిని కూడా వృథా పోనివ్వరు, అది హాస్టల్ మెస్‌లో అన్నానికి ఎసరు కాచడానికి పోతుంది. గోడకన్నులు మనుషుల్ని చూసి ఎవరికి ఉక్కగా ఉందో లెక్కకడతాయి. ఉక్క ఎక్కువున్నచోటికి నీళ్లు ఎక్కువ వదులుతాయి. హోదా అడగవు, కులం అడగవు, కుర్చీ ఎత్తు చూడవు. తెలుగుశాఖ వారు దీనికి ‘సర్వజన సమశీతల న్యాయ వ్యవస్థ’ అని పేరు పెట్టారు. అందరూ చల్లనయ్య అంటున్నారు.

ఇలాంటి పనిలో నా చేయి కూడా కలిసినందుకు గర్వంగా ఉంది. మా ఇంట్లో పలక పట్టినవాళ్ళలో నేనే మొదటిదాన్ని. ఈ సంగతి ఇక్కడ నమోదు చేయవచ్చో లేదో తెలియదు.

నమోదు 6

నేను ఉండేది మహిళా హాస్టల్లో. పక్క మంచం ఖాసింబీది. రసాయనశాస్త్రం రెండో ఏడు చదువుతోంది. మొదటి రోజుల్లో మా గది ఇరవై ఏడు డిగ్రీల దగ్గర నిలిచింది. మధ్యాహ్నం పడుకుని లేచి ఖాసింబీ తన మెడ తడుముకుంది.

“అక్కా, చెమట పట్టల్యా. జొరమేమో రోంత చెయ్యి పెట్టి సూడు.”

“జ్వరం కాదు. దీన్నే చల్లగా ఉండటం అంటారు.”

“ఓహో. ఇట్లుంటాదా,” అని మళ్ళీ పడుకుంది.

ఈ రోజు అదే గదిలో ముప్పై నాలుగు. పిల్లలు చున్నీలు బక్కెట్లో ముంచి, పిండి, తలమీద కప్పుకుని చదువుకుంటున్నారు. గొట్టం మీద చెవి పెట్టి విన్నాను. లోపల నీళ్ల చప్పుడు లేదు.

“మీ చల్లనయ్యకు ఆడపిల్లోళ్లంటే పడదా ఏందక్కా?” అంది ఖాసింబీ.

పరిశీలిస్తానని చెప్పాను.

నమోదు 11

సభామందిరంలో గోడకన్నులు తుడవమని పంపారు. లోపల ఒక డీన్ గారికి సన్మానం జరుగుతోంది. ఆయన తెరమీద ఒక విదేశీ సదస్సు చూసినందుకట.

ఉపకులపతి ఆచార్య భూమానందం గారు ఆయనకు శాలువా కప్పారు. కప్పినందుకు ఉపకులపతి గారికి డీన్ గారి శాఖ తరఫున శాలువా కప్పారు. పరిచయ వాక్యాలు చెప్పినవారికి, వందన సమర్పణ చేసినవారికి, శాలువాలు మోసుకొచ్చిన పళ్లెం పట్టినవారికి కూడా కప్పారు. అన్నీ మందపాటి జరీ శాలువాలు. బయట నలభై తొమ్మిది డిగ్రీలు. లోపల నా పళ్ళు కొట్టుకుంటున్నాయి. గోడమీద డిగ్రీలు చూపే పలక చూశాను: పంతొమ్మిది.

వచ్చేటప్పుడు మెస్‌లో వంటచేసే కుళ్ళాయమ్మ గంటె ఊపి పిలిచింది. “పాపా, ఈ పొద్దు మీ వాళ్లు యవరికో పెద్ద సన్మానమే చేస్తాండారు. బియ్యం కడగకముందే ఎసరు మరిగిపాయ.”

నవ్వాను. నాలుగు అడుగులు వేశాక నవ్వు ఆగిపోయింది.

నమోదు 12

పరీక్ష చేశాను. సామాన్ల గదిలో గోడకన్ను ఎదుట ఊరికే కూర్చున్నాను. గొట్టంలో నీళ్లు సన్నగా పారాయి. శేషఫణి గారి బల్లమీద మడతపెట్టి ఉన్న శాలువా తెచ్చి కప్పుకున్నాను. గొట్టం గుడగుడలాడింది, గోడ మంచు పట్టినట్టయింది. శాలువా తీసి తడి తువ్వాలు కప్పుకున్నాను. నీళ్లు పూర్తిగా ఆగిపోయాయి.

సంగతి ఇది. గోడకన్ను ఒంటి వేడిని బట్టలమీదుగా ఊహిస్తుంది. మందపాటి బట్ట కనబడితే పాపం ఈ మనిషి లోపల ఉడికిపోతున్నాడు అనుకుంటుంది. తడి బట్ట కనబడితే ఈ మనిషి హాయిగా ఉన్నాడు అనుకుంటుంది. ఉక్కకు తట్టుకోలేక చున్నీ తడుపుకున్న పిల్లకు చల్లదనం ఆపేసి, ఎండాకాలంలో ఉన్ని కప్పుకున్న పెద్దమనిషికి పంపిస్తోంది. దాన్ని చేసినవాళ్లది వేరే దేశం. ఇంత వేడిలో ఎవరైనా గౌరవం కోసం శాలువా కప్పుకుంటారని వాళ్లకు తట్టలేదు.

నమోదు 13

శేషఫణి గారికి చెప్పాను. ఆయన చాలాసేపు తన శాలువా వైపు చూశారు.

“ఎవరికైనా చెప్పావా?”

“లేదు సార్. మీకే మొదట.”

“మంచిపని చేశావు. ఇది చాలా సున్నితమైన విషయం. మనిద్దరి మధ్యే ఉండనీ.”

సాయంత్రానికి ఆయన గదిలో ముగ్గురు ప్రొఫెసర్లు శాలువాలు కప్పుకుని టీ తాగుతున్నారు.

నమోదు 19

ఊళ్ళో శాలువాలు దొరకడం లేదు.

లెక్కల శాఖ వారు తమ శాఖాధిపతిని రోజూ సత్కరిస్తున్నారు. గ్రంథాలయంలో అలమరాలకు నంబర్లు వేసినవారికి సన్మానం జరిగింది. పరీక్షల విభాగంలో అందరూ ఒకరికొకరు కప్పుకున్నారు, మిగిలిన శాలువా జిరాక్స్ యంత్రం మీద కప్పి ఉంది. సన్మానాలు సకాలంలో జరుగుతున్నాయో లేదో చూసే సంఘం కూడా వేశారు. ఆ సంఘ సభ్యులను తొలి సమావేశంలోనే సత్కరించారు. సకాలంలో పనికి వస్తున్నందుకు ఒక అటెండరును సత్కరించాలని ఎవరో అన్నారు గాని, ఆ పద్ధతి మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందని విరమించుకున్నారు.

మా హాస్టల్ ముప్పై ఆరు. నెల మొత్తం మీద కరెంటు వాడకం మాత్రం బాగా తగ్గింది. మా భవనానికి నీళ్లు పోవడం లేదు కాబట్టి తగ్గింది. ఇంధన పొదుపులో ఈ విశ్వవిద్యాలయానికి రాష్ట్రస్థాయి పురస్కారం వచ్చిందని ఈ రోజు నోటీసు బోర్డులో పెట్టారు.

నమోదు 21

ఖాసింబీకి అసలు సంగతి చెప్పేశాను. చెప్పకూడదని శేషఫణి గారు అన్నది శాలువాలు కప్పుకునేవాళ్ళకు చెప్పవద్దని అయి ఉంటుంది అనుకున్నాను.

“అంతేనా? అయితే మాకూ దుప్పట్లు ఉండాయి గదా,” అంది. మధ్యాహ్నానికి మా అంతస్తులో పిల్లలందరూ ఉన్ని దుప్పట్లు కప్పుకుని వరండాలో కూర్చున్నారు. గొట్టాలు గుడగుడలాడాయి. అరగంట సేపు హాయిగా ఉంది.

అవతల పరిపాలనా భవనంలో చల్లదనం రెండు డిగ్రీలు తగ్గిందట. అక్కడివాళ్ళు రెండో శాలువా కప్పుకున్నారు. పిల్లలు రెండో దుప్పటి తెచ్చారు. అవతల మూడో శాలువా. తొట్టికి వాళ్ళ భవనం దగ్గర, మాది చివర. నీళ్లు మాదాకా రావడం ఆగిపోయింది. రెండు దుప్పట్ల కింద కూర్చున్న ఖాసింబీ ఏదో చెబుతూ చెబుతూ పక్కకు ఒరిగిపోయింది.

ముఖం ఎర్రగా, చర్మం పొడిగా ఉంది. నలుగురం మోసుకెళ్ళి స్నానాలగదిలో నీళ్ల కింద పెట్టాము. కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. మళ్ళీ ఇలా జరిగితే మెదడు దెబ్బతింటుందని, ప్రాణం కూడా పోవచ్చని ఆరోగ్య కేంద్రం డాక్టరు చెప్పింది.

సాయంత్రం ఆదేశం వచ్చింది: ‘సన్మాన పత్రం లేనివారు దుప్పటి, శాలువా, తత్సమానమైన వస్త్రం కప్పుకోవడం గౌరవ చిహ్నాల దుర్వినియోగంగా పరిగణించబడును.’

నమోదు 24

వాతావరణ కేంద్రం వారు తడివేడి వస్తోందని చెప్పారు. సముద్రం మీదినుంచి చెమ్మగాలి ఈ ఎండలోకి దిగితే చెమట ఆరదు, తడి చున్నీ పనిచేయదు. వచ్చే శుక్రవారం మధ్యాహ్నం బయటా, చల్లదనం లేని గదుల్లోనూ ఎవరూ ఉండవద్దని హెచ్చరిక. పురస్కార సభ కూడా శుక్రవారం మధ్యాహ్నమే. జ్యోతిష శాఖ వారు పెట్టిన ముహూర్తం.

ఉపకులపతి గారిని కలిశాను. పరీక్ష వివరాలు, ఖాసింబీ సంగతి, తడివేడి సంగతి అన్నీ రాసిన నివేదిక ఇచ్చాను. చల్లనయ్యకు ‘సమాన ప్రవాహం’ అనే మార్గం కూడా ఉంది. అది తెరిస్తే గోడకన్ను ఏం చూసినా అన్ని భవనాలకూ ఒకేలా నీళ్లు పోతాయి. అందరికీ ఇరవై తొమ్మిది వస్తుంది. పంతొమ్మిది ఎవరికీ రాదు. దాన్ని తెరవాలంటే ఉపకులపతి గారి బొటనవేలి ముద్ర చిన్న పలక మీద పడాలి. పలక నా దగ్గరే ఉంది, తీసుకెళ్ళాను.

ఆయన నివేదిక మొత్తం చదివారు. నిజంగానే చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“ఏ ఊరమ్మా మీది?”

“ఇక్కడేనండి. గని గడ్డ.”

“నాన్నగారు?”

“బండలు కోస్తాడండి.”

“ఆ ఇంటినుంచి వచ్చి ఇంత చక్కని వాక్యం రాశావు. ఎక్కడా ఒక్క తప్పు లేదు. శేషఫణీ, ఈ అమ్మాయిని మనం సత్కరించాలి.”

పక్కన నిలబడ్డ శేషఫణి గారు తప్పకుండా అన్నారు.

“సార్, నాకు సన్మానం వద్దండి. మీ వేలిముద్ర చాలు,” అన్నాను.

“ముద్ర వేస్తే బాధ్యత నాదవుతుంది కదమ్మా. దానికి కమిటీ ఉండాలి. పురస్కారం అందుకోకముందే వ్యవస్థ బాగాలేదని మనమే ఎలా అంటాం? శుక్రవారం సభలోనే నీకూ శాలువా. మీ వాళ్ళను పిలుచుకో.”

పలక తిరిగి సంచిలో పెట్టుకున్నాను.

నమోదు 26

సభ చూసుకునే తిమ్మరాజు గారు పాసుల కోసం వివరాలు అడిగారు. హాలులోకి ఆహ్వానితులు, సన్మాన గ్రహీతలు, వారి కుటుంబ సభ్యులు తప్ప ఎవరూ రాకూడదు. కుటుంబ సభ్యులు ఇంతమందే ఉండాలని నియమం ఏదీ లేదు. డీన్‌లు వియ్యంకుల్ని, వాళ్ళ వియ్యంకుల్ని కూడా తీసుకొస్తారు కాబట్టి అలాంటి నియమం ఎప్పుడూ పెట్టలేదు.

నేను నాయన పేరు చెప్పాను. తర్వాత మా హాస్టల్ పిల్లల పేర్లన్నీ చెప్పాను.

తిమ్మరాజు గారు కలం ఆపారు. “వీళ్ళంతా ఎవరమ్మా?”

“చెల్లెళ్ళండి.”

“ఇంతమందా?”

“అవునండి. అందరూ ఇక్కడే చదువుకుంటున్నారు.”

ఆయన నన్ను, కాగితాన్ని, మళ్ళీ నన్ను చూశారు. ఆయన కూతురు కూడా ఒకప్పుడు ఈ హాస్టల్లోనే ఉండేదట. “సీట్లు చాలకపోతే మెట్లమీద కూర్చోమను,” అని పాసులు చేతికిచ్చారు.

ఆ రోజు పంతొమ్మిది డిగ్రీలు ఆ హాలులోనే ఉంటాయి. నీళ్లు పిల్లల దగ్గరికి రాకపోతే పిల్లల్నే నీళ్ల దగ్గరికి తీసుకెళ్ళాలి. నా ఆలోచన అంతే. అంతకు మించి ఏమీ లేదని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

పాసు తీసుకుంటూ ఖాసింబీ అడిగింది. “అక్కా, ఇప్పుడు మా నాయన పేరేంది?”

“ఓబులేసు.”

“సరే. అందరికీ సెప్తా.”

నమోదు 29

శుక్రవారం. గాలి తడి గోనెలా ముఖానికి అంటుకుంటోంది. హాస్టల్ పొద్దున్నే ముప్పై ఎనిమిది. పిల్లలు అలవాటు కొద్దీ చున్నీలు తడిపి కప్పుకుని వరసగా బయలుదేరారు. తడి ఆరడం లేదు, నీళ్లు కారుతూనే ఉన్నాయి.

నాయన నిద్ర మానుకుని వచ్చాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పగటి వెలుతురుకు కళ్ళు చికిలించుకుంటూ గేటు దగ్గర నిలబడ్డాడు. కాపలాదారు ఒక్కొక్క పిల్లనూ ఆపి పాసు చూసి తండ్రి పేరు అడుగుతున్నాడు.

“ఓబులేసు.”

“ఓబులేసు.”

“ఓబులేసు,” అంది ఖాసింబీ కూడా.

నాయన నా చెవి దగ్గరికి వంగాడు. “పాపా, ఆ ఓబులేసు యవురో గాని ఇంతమంది ఆడపిల్లోళ్లను సదివిస్తాండాడే. మారాజు.”

“నువ్వే నాయనా.”

“నేనా,” అన్నాడు. కాసేపు వరస వైపు చూశాడు. “మీయమ్మకు సెప్పద్దులే.”

హాలు చల్లగా ఉంది. పిల్లలు లోపలికి అడుగుపెట్టి ఒక్కసారి ఆగిపోయారు. కొందరు నవ్వుకున్నారు. మెట్లు, నడవా, గోడ పక్కలు నిండిపోయాయి. ఖాసింబీని నాయన పక్కన ముందువరసలో కూర్చోబెట్టి నేను వేదిక ఎక్కాను. వేదికమీద ఉపకులపతి గారు, డీన్‌లు, రాజధాని నుంచి పురస్కారం తెచ్చిన అధికారి. ప్రార్థన అయ్యేసరికే ఉపకులపతి గారి భుజాల మీద మూడు శాలువాలున్నాయి.

రెండో ఉపన్యాసం మధ్యలో గొట్టాల గుడగుడ ఆగిపోయింది. అది వినబడింది నాకొక్కదానికే అనుకుంటాను. అప్పుడు తట్టింది. వేదికమీద పది పదిహేను మందికి శాలువాలు, కింద వందల తడి చున్నీలు. గోడకన్ను హాలంతా చూసి, ఇక్కడ అందరూ హాయిగా ఉన్నారు అనుకుంది. ఇంజినీరును నేను. ముందే తట్టాల్సింది.

పలక మీద అంకె ఎక్కుతోంది. ఇరవై ఆరు. ముప్పై. తలుపుల సందుల్లోంచి తడివేడి లోపలికి వస్తోంది. పిల్లలకు ఇది తెలిసిన వేడే, చున్నీలు విసురుకుంటున్నారు. వేదికమీద వాళ్ళకు కొత్త. ఒక డీన్ గారి జరీ అంచు మీదినుంచి చెమట బొట్లు బొట్లుగా పడుతోంది. అయినా ఎవరూ శాలువా తీయలేదు. కప్పినవారు పక్కనే కూర్చుని ఉండగా తీస్తే వారిని అవమానించినట్టు. ఒకరినొకరు చూసుకుంటూ బిగుసుకుని కూర్చున్నారు. శేషఫణి గారు మైకులో నా పేరు పిలిచారు. శాలువా పళ్లెం వచ్చింది.

ఖాసింబీ ముఖం మళ్ళీ ఎర్రబడుతోంది. నాయన తన తువ్వాలుతో ఆ పిల్లకు విసురుతున్నాడు.

నేను పళ్లెం దాటి ఉపకులపతి గారి కుర్చీ దగ్గరికి వెళ్ళి పలక ముందు పెట్టాను.

“ఏమైందమ్మా?” అన్నారాయన, పెదవులు కదలకుండా.

“తడి చున్నీలు చూసి కన్ను నీళ్లు ఆపేసింది సార్.”

“చున్నీలు తీసేయమను వాళ్ళను.”

“తీసేసినా ఒంటిమీది బట్టల తడి ఆరేసరికి వాళ్ళలో కొందరు పడిపోతారు సార్. వాళ్ళకంటే ముందు మీరు పడిపోతారేమో. మూడు శాలువాలున్నాయి. మీ వేలు పడితే నీళ్లు ఇప్పుడే వస్తాయి.”

“హాలుకా?”

“అందరికీ.”

పురస్కారం తెచ్చిన అధికారి ఆయన వైపు వంగి అడిగాడు. “ఆచార్యా, మీ దగ్గర ఎప్పుడూ ఇంత ఉక్కగా ఉంటుందా?”

“లేదండి,” అన్నారు ఉపకులపతి గారు. ముందువరసలో ఖాసింబీ తల నాయన భుజం మీద వాలింది. ఆయన అటు చూశారు. నా నివేదికలోని పేరు ఆ ముఖానిదని నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు. బొటనవేలు పలక మీద పెట్టారు.

చెమటకు ముద్ర పడలేదు. పలక ఎర్రగా వెలిగింది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ ఎర్రగానే. అప్పుడు ఆయన పైశాలువా లాగి, దాంతో వేలు శుభ్రంగా తుడుచుకుని, మూడోసారి గట్టిగా ఒత్తారు. పచ్చగా వెలిగింది.

ఆయన శాలువా తీయడం చూసి డీన్‌లందరూ ఒక్కసారిగా తమవి తీసేశారు. వేదిక వెనక గొట్టం గుడగుడలాడింది.

కొంతసేపటికి హాలులో ఇరవై తొమ్మిది. చేతిపలకలో హాస్టల్ చూశాను, అక్కడా ఇరవై తొమ్మిది. అంతవరకు నీళ్లన్నీ మందపాటి యూనిఫాం వేసుకుని ఒంటరిగా కూర్చున్న కాపలాదారు గదికి పోయాయని, అతను వణుకుతూ బయటకు పరుగెత్తాడని తర్వాత తెలిసింది. పురస్కారం ఇచ్చారు, తీసుకున్నారు. నా శాలువా పళ్లెంలోనే ఉండిపోయింది. అది గుర్తుచేసే తీరిక ఎవరికీ లేదు.

నేను కిందికి దిగాను. ఖాసింబీ నీళ్లు తాగుతోంది. కళ్ళు తేటగా ఉన్నాయి. నాయన వేదిక వైపే ఆశ్చర్యంగా చూస్తున్నాడు.

“పాపా,” అన్నాడు మెల్లగా, “అంత పెద్దసారుకు గూడా సంతకం రాదా ఏంది? నా మాదిరే ఏలు పెట్టిచ్చినారు. అదీ మూడుసార్లు.”

“నేర్చుకుంటాండాడు నాయనా,” అన్నాను.